మైకు లేని పాతికేళ్లు

మా కచేరీకి టిక్కెట్టు ఉండేది కాదు, విసనకర్ర ఉండేది. గుమ్మం పక్కన వెదురుబుట్టలో తాటాకు విసనకర్రలు నిలబెట్టి ఉంచేవారు. వచ్చినవాళ్లు తలా ఒకటి తీసుకుని లోపల కూర్చునేవారు, వెళ్లేటప్పుడు మళ్లీ బుట్టలో పెట్టేసేవారు. వీణ మొదలు కాగానే ఫ్యాను ఆపేయడం అక్కడి నియమం. ఫ్యాను గరగరలో వీణ నాదం కలిసిపోతుంది మరి. ఇంకో నియమం కూడా ఉండేది. రాగం ఆలపిస్తున్నంతసేపూ విసనకర్రలు ఒళ్లో పడుకోవాలి. మృదంగం అందుకున్నాక ఊపుకోవచ్చు, అదీ తాళానికే. ఇవేవీ ఎవరూ ఎవరికీ చెప్పేవారు కాదు, పక్కవాళ్లని చూసి నేర్చుకోవడమే. గదిలో ఉన్న విసనకర్రలన్నీ ఒక్కసారి ఇటు వాలి, ఒక్కసారి అటు వాలుతుంటే గాలి కూడా లయ తప్పకుండా వచ్చేది.

అమలాపురంలో కాలవగట్టుకి దగ్గరగా ఉన్న ఒక పెంకుటింటి ముందు గది అది. ప్రతి నెలా మొదటి ఆదివారం సాయంత్రం అక్కడ కచేరీ. వీణో, వయొలినో, వేణువో, పక్కన మృదంగం. వేదిక లేదు, మైకు లేదు. నేలమీద జంపఖానా పరిస్తే దానిమీద వాయించేవాళ్లు, దాని అంచునుంచి వినేవాళ్లు. అందరూ దాన్ని గది కచేరీ అనేవారు. ఆ ఇల్లు వీణ మామ్మగారిది. ఆవిడే మొదలుపెట్టారు, ఆవిడే నడిపారు.

నేను అక్కడికి చేరింది తొంభైల మొదట్లో, గ్రంథాలయం దయవల్ల. మాది బండారులంక. ఇంట్లో మగ్గం. బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది కానీ చదవడం ఆగలేదు. మగ్గానికి నూలు కండెలు చుట్టే పని ముగియగానే బస్సెక్కి అమలాపురం గ్రంథాలయానికి వచ్చేసేదాన్ని. నవలల బీరువా అయిపోయాక శాస్త్రాల బీరువాలో పడ్డాను. నక్షత్రాలు, తేనెటీగలు, ధ్వని, వైద్యం, ఏది చేతికి దొరికితే అది. ఆ వరసలోనే సంగీతశాస్త్రం మీద ఒక లావుపాటి పుస్తకం దొరికింది. డెబ్బై రెండు మేళకర్త రాగాలూ కంఠస్థం చేసేశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని వాటిని లోలోపల అప్పజెప్పుకుంటే ఎంత గర్వంగా ఉండేదో! వాటిలో ఒక్క రాగం కూడా ఎదురుగా కూర్చుని విన్నది లేదు.

ఆ గ్రంథాలయానికి రోజూ పేపరు చదవడానికి మృదంగం మాస్టారు వచ్చేవారు. ఊళ్లో పిల్లలకి మృదంగం నేర్పేవారాయన. ఒకరోజు కళ్లజోడు పైనుంచి నన్ను చూసి అడిగారు.

"ఏంటమ్మాయ్, ఆ పుస్తకం వదలవు? సంగీతం నేర్చుకుంటున్నావా?"

"లేదండి. చదువుతున్నానండి."

"చదువుతున్నావా! వంటల పుస్తకం చదివితే కడుపు నిండుతుందా? సరే, కల్యాణి అంటే ఏంటో చెప్పు."

"అరవై అయిదో మేళమండి," అన్నాను ఠక్కున.

"ఆయ్, బానే ఉంది. ఎలా ఉంటుంది?"

నోరు తెరిచాను. మళ్లీ పుస్తకం వైపే చూశాను. ఆయన పకపకా నవ్వి, "మొదటి ఆదివారం నాలుగున్నరకి రా. ఎలా ఉంటుందో మామ్మగారు చెప్తారు," అన్నారు.

వెళ్లాను. ఆ రోజు మామ్మగారు వాయించింది కల్యాణే. మాస్టారు ముందే చెప్పి ఉంటారు. పుస్తకంలో ఏడు అక్షరాలుగా చదివింది మనిషిలా ఎదురొచ్చి నిలబడింది. ఆ ఆనందంలో నియమం మరిచిపోయి, రాగం మధ్యలో విసనకర్ర ఊపేశాను. ఎండిన తాటాకు టపటపలాడింది. గదంతా నావైపు తిరిగింది. మామ్మగారు మాత్రం కళ్లు తెరవలేదు.

మర్నెల మా ఇంట్లో మిగిలిన చీరపేలికలు మూట కట్టుకెళ్లాను. "విసనకర్రలు ఇస్తే అంచులు కుట్టి తెస్తానండి, చప్పుడు చెయ్యవు," అన్నాను. మామ్మగారు నన్ను ఎగాదిగా చూశారు. "చప్పుడు చేసింది నువ్వే కదూ?" అని, "తీసుకెళ్లు. బుట్టతో సహా తీసుకెళ్లు," అన్నారు. అలా ఆ కచేరీలో నాకొక పని దొరికింది. ఏటా విసనకర్రలకి రంగురంగుల అంచులు కట్టడం నా వంతు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో గది కచేరీకి పాతికేళ్లు నిండాయి. మామ్మగారు అప్పటికి చాలాకాలంగా వాయించడం తగ్గించేశారు. వచ్చినవాళ్లచేత వాయించి, తాను గోడకి ఆనుకుని వినేవారు. వేళ్లు బిగుసుకుంటున్నాయని చెప్పేవారు. ఒక కచేరీ అయ్యాక మజ్జిగ గ్లాసు కింద పెట్టి, మాస్టారితో మెల్లగా అన్నారు. "పాతికేళ్లకి నేనే వాయిస్తాను. రాగం, తానం, పల్లవి. తర్వాత ఈ వేళ్లు ఏమంటాయో చూద్దాం."

మాస్టారు ఎగిరి గంతేసినంత పని చేశారు. మర్నాటికల్లా ఊరంతా తెలిసిపోయింది. రాజమండ్రినుంచి వస్తామన్నారు, కాకినాడనుంచి వస్తామన్నారు. రాజోలు వైపునుంచి వయొలిన్ టీచరుగారు పక్కన వాయిస్తానని కబురు పెట్టారు. ఆయన చర్చిలో కీర్తనలకి వాయిస్తూ వయొలిన్ పట్టి, తర్వాత మామ్మగారి దగ్గర కచేరీ బాణీ నేర్చుకున్న మనిషి. అంతా బాగానే ఉంది. కానీ ఇంతమంది ఆ గదిలో ఎక్కడ పడతారు?

"కల్యాణమండపం తీసుకుందామండి. మైకు పెట్టిద్దాం," అన్నారు మాస్టారు.

"పెట్టించండి. నేను ముందు వరసలో కూచుని వింటాను," అన్నారు మామ్మగారు.

"మీరు వాయించాలి కదండీ!"

"మైకుంటే వాయించను. ఒకసారి వాయించేను, చాలు. వీణ నా ఒళ్లో ఉంది, చప్పుడు ఎక్కడో గోడమీద డబ్బాలోంచి వస్తోంది. నేను మీటింది నాకే తెలియలేదు. ఈ వేళ్లతో ఇక ఎన్నిసార్లు వాయిస్తానో ఏమో, నా వీణ నాకు వినపడాలి."

"మీకు వినపడుద్దండి. ఆఖరి వరసలో వాళ్ల సంగతేంటి?"

ఇద్దరూ చెరోవైపు తిరిగి కూర్చున్నారు. మైకు పెడితే వీణ లేదు, పెట్టకపోతే వచ్చినవాళ్లకి వినపడదు. పాతికేళ్ల పండుగ అక్కడే ఆగిపోయింది.

నాకు తట్టిన ఉపాయం పక్కనే ఉంది. మామ్మగారి పెరటిగోడ అవతల కొబ్బరికాయల గొడౌను. ఎత్తయిన పెంకుల కప్పు, పొడుగాటి హాలు, చుట్టూ చెట్లు. కాయ లోడు వెళ్లిపోయి ఖాళీగా ఉంది. గొడౌను రైతుగారిని అడగడానికి ముగ్గురం వెళ్లాం.

"పాతికేళ్లనించీ మొదటి ఆదివారం సాయంత్రం మా కాయల ఒలుపు ఆపించేరు. ఇప్పుడు గొడౌనే లాక్కుంటారాండి మామ్మగారూ?" అన్నాడాయన నవ్వుతూ.

"ఒక్క సాయంత్రానికేనయ్యా."

"మీరు అలాగే మొదలెడతారండి. కానీండి, వాడుకోండి."

మాస్టారు ఒప్పుకున్నారు కానీ షరతు పెట్టారు. ముందుగా అక్కడ వాయించి చూడాలి. ఆఖరి వరసలో మైకుసెట్టు బాబాయిగారు కూర్చోవాలి. ఆయనకి వినపడితే మైకు వద్దు, వినపడకపోతే మైకు కట్టాల్సిందే. మైకుసెట్టు బాబాయిగారంటే ఊళ్లో పెళ్లిళ్లకీ సభలకీ మైకులు కట్టే మనిషి.

"నేనాండి తీర్పరిని? నా బేరం నేనే చెడగొట్టుకోవాలా?" అన్నాడాయన.

"నువ్వు పెళ్లిలో మంత్రాలు పక్కూరికి కూడా వినిపిస్తావు. నీ చెవులు ఎప్పుడో దెబ్బతిని ఉంటాయి. నీకు వినపడిందంటే ఇంకెవరికైనా వినపడినట్టే," అన్నారు మాస్టారు.

మొదటిరోజు గొడౌను తలుపులు బార్లా తీసి, ఊడ్చి, జంపఖానా పరిచాం. మాస్టారు మృదంగం మీద ఒక్క దెబ్బ వేశారు. అది ఎదురుగోడకి తగిలి తిరిగొచ్చింది, కప్పు ఎక్కి మళ్లీ దిగింది. మామ్మగారు వీణ మీటితే స్వరం మీద స్వరం పడి అంతా ఒక హోరయిపోయింది.

"వినపడుతోందా?" అని అరిచారు మాస్టారు.

"వినపడుతోందండి బాబూ! ఒక్కోటీ మూడేసిసార్లు వినపడుతోంది!" అని అటునుంచి అరిచాడు బాబాయిగారు.

అప్పుడు నాలోంచి గ్రంథాలయం పొంగుకొచ్చింది. ధ్వని మీద పుస్తకం చదివినదాన్ని కదా! గట్టి గోడ శబ్దాన్ని బంతిలా తిప్పి కొడుతుందనీ, మెత్తటిది మింగేస్తుందనీ, అందుకే ఖాళీ ఇంట్లో మాట మోగుతుందనీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. "మెత్తటిదంటే ఏంటమ్మాయ్, పరుపులు తేవాలా?" అన్నారు మాస్టారు. "ఎందుకండీ, బయట కొబ్బరి డొక్కలు కొండలా ఉన్నాయి. అది పీచే కదండీ!" అన్నాను. అలా అన్నప్పుడు నా గొంతు నాకే గొప్పగా వినిపించింది.

ఒలుపువాళ్లు నవ్వుకుంటూ డొక్కలు మోసుకొచ్చారు. నాలుగు గోడల పొడుగునా మనిషెత్తున పేర్చాం. పక్కరోజు మళ్లీ వాయించి చూశాం. అంటే వాయిద్దామని కూర్చున్నాం. డొక్కల పొట్టు లేచి ముందు వయొలిన్ టీచరుగారు తుమ్మారు, తర్వాత మాస్టారు, తర్వాత వరసగా అందరం. తుమ్ములు ఆగాక మామ్మగారు మీటారు. వీణ దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంది. తీగ మోగడం, ఆరిపోవడం ఒకేసారి.

"బాబాయిగారూ?" అన్నాను భయంగా.

"నిన్న మూడుసార్లమ్మాయిగారూ. ఇవేళ ఒక్కసారీ లేదు. డొక్కల పుస్తకం ఎవరు రాసేరో గానీ, నాకు మట్టుకు మంచి బేరం ఇప్పించేరు," అన్నాడు.

మాస్టారు మృదంగానికి గుడ్డ గలీబు తొడగడం మొదలుపెట్టారు. అంటే ఇక మాటల్లేవని. మామ్మగారు మాత్రం వీణ దించలేదు. డొక్కల గోడవైపు చూస్తూ మంద్రం తీగని ఊరికే మీటుతున్నారు. నేనొచ్చి పక్కన నిలబడ్డాను. ఆవిడ తలెత్తి నావైపు చూశారు. చూసి నవ్వారు.

"అమ్మాయ్, శబ్దాన్ని మెత్తటిది మింగుతుందన్నావు. మనిషి ఒళ్లు మెత్తటిదా, గట్టిదా?"

"మెత్తటిదేనండి."

"మరి ఆ రోజు ఇంతమంది వచ్చి కూచుంటారు కదా. వాళ్లేం చేస్తారు?"

అప్పుడు వెలిగింది నాకు. మామ్మగారి గదిలో పాతికేళ్లుగా వీణ అంత చక్కగా వినపడిందంటే ఆ గది గొప్ప ఒక్కటే కాదు, గోడకీ గోడకీ మధ్య కిక్కిరిసి కూర్చున్న మా గొప్ప కూడాను. మేం ఖాళీ గొడౌనులో విని, డొక్కలు లెక్కవేసుకున్నాం. మనుషుల్ని లెక్కలో వెయ్యనే లేదు.

"ఉట్టి గొడౌను పరీక్షకి పనికిరాదు మాస్టారూ. మనుషుల్ని కూచోబెట్టి చూడాలి," అన్నారు మామ్మగారు.

"ఇప్పుడు మనుషుల్ని ఎక్కణ్ణించి తెచ్చేదండీ?"

"వీధిలోంచి," అన్నాను. అప్పటికే పరిగెత్తుతున్నాను.

ఆ సాయంత్రం తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు నిలవవు. ముందు ఒలుపువాళ్లతో కలిసి మూడు గోడల డొక్కలు బయటికి మోసి, వెనక గోడకి మాత్రం నడుమెత్తు ఉంచి, పొట్టు లేవకుండా గోనెపట్టాలు కప్పాం. తర్వాత గుమ్మం గుమ్మానికీ తిరిగాను. "కచేరీకి కాదండీ, ఊరికే వచ్చి కూచోండి చాలు," అని బతిమాలాను. "ఊరికే కూచోడానికి మనుషులు కావాలా!" అని నవ్వి కూడా వచ్చారు. ఒలుపువాళ్ల ఇంటి ఆడవాళ్లు వచ్చారు. స్టాండులో ఆటోలు ఆపేసి డ్రైవర్లు వచ్చారు. రోజూ మామ్మగారి ఇంటి ముందునుంచే నడిచే మనుషులు, పాతికేళ్లలో ఒక్కసారి కూడా ఆ గడప ఎక్కనివాళ్లు, గోనెపట్టాల మీద బారులు తీరి కూర్చున్నారు.

"ఏం చెయ్యమంటారండి?" అని అడిగిందొక ఆవిడ.

"ఏం చెయ్యక్కర్లేదమ్మా, శబ్దం తాగండి," అన్నారు మాస్టారు.

"కాఫీ అన్నా ఇస్తారేమో అనుకున్నాం!" అంది. గొడౌనంతా నవ్వింది. ఆ నవ్వు గోడలకి తగిలి తిరిగి రాలేదు. వచ్చిన చోటే చక్కగా ఆరింది. నేనూ మామ్మగారూ ఒకరినొకరు చూసుకున్నాం.

ఆవిడ వాయించారు. నేను వరసల మధ్య ఒంగి నడుస్తూ ప్రతి మూలా నిలబడి విన్నాను. తీగ మీద వేలు జరిగే సన్నటి చప్పుడు కూడా సగం దూరానికి వినపడుతోంది! ఆఖరి వరసకి వెళ్లి బాబాయిగారి మొహంలోకి చూశాను.

"వినపడుతోందమ్మాయిగారూ. కానీ గాలి వేస్తే కొబ్బరాకుల గలగలలో పోతోంది. కచేరీ రోజు గాలేస్తే నేను చెప్పలేను."

అదీ నిజమే. గాలికి ఎవరు చెప్పగలరు? చివరికి మాస్టారు మధ్యేమార్గం తేల్చారు. మైకు కట్టరు. కానీ సెట్టు ఆటోలో సిద్ధంగా బయట ఉంటుంది. బాబాయిగారు విసనకర్ర పట్టుకుని ఆఖరి వరసలో కూర్చుంటారు. వీణ వినపడకపోతే విసనకర్ర పైకెత్తుతారు. ఎత్తితే కచేరీ ఆపి మైకు కడతారు. మామ్మగారూ ఒక షరతు పెట్టారు. "ఎత్తితే నేను వీణ దించేస్తాను," అన్నారు. "పల్లవి మీరే ఇంకోళ్లచేత వాయించుకోండి."

ఆ వారమంతా మా ఇంట్లో మగ్గం చప్పుడు కంటే కత్తెర చప్పుడే ఎక్కువ. పాత విసనకర్రలు చాలవని కొత్తవి తెప్పించారు. మా అమ్మా, ఇరుగుపొరుగూ కూర్చుని ఎర్రంచు, పచ్చంచు, జరీపేట పేలికలతో అంచులు కుట్టారు. బుట్టలు చాలక ఆఖరికి కాయలు మోసే గంపల్లో సర్దాం.

ఆ ఆదివారం ఎండ ఇంకా చల్లబడకముందే గొడౌను నిండిపోయింది. రాజమండ్రివాళ్లు వచ్చారు. గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే ఆయన చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చారు. మొన్న ఊరికే కూర్చోడానికి వచ్చినవాళ్లు పిలవకుండానే వచ్చేశారు, తలంట్లు పోసుకుని, పూలు పెట్టుకుని మరీ. కాఫీ అడిగినావిడని గుమ్మంలో పలకరించాను. "మొన్న మేం ఉంటేనే కదండీ బాగా మోగింది. ఇవేళ లేకపోతే చెడిపోద్దేమోనని," అంది, గంపలోంచి జరీ అంచు విసనకర్ర ఏరి తీసుకుంటూ.

మామ్మగారు వీణ ఒళ్లోకి తీసుకున్నారు. రాగం మొదలైంది. పాతవాళ్ల విసనకర్రలు ఒళ్లో వాలాయి, వాళ్లని చూసి కొత్తవాళ్లవీ వాలాయి. చెమట ధారలు కడుతున్నా ఒక్క చెయ్యి కదల్లేదు. నేను పక్కగోడకి ఆనుకుని ఒక కన్ను మామ్మగారి వేళ్లమీద, ఒక కన్ను బాబాయిగారి విసనకర్రమీద వేసి కూర్చున్నాను. మాస్టారూ అంతే. చెయ్యి మృదంగం మీద ఉంది కానీ చూపు ఆఖరి వరసలో ఉంది. ఆ రోజు కూడా కల్యాణే. మొదట వేళ్లు కొంచెం తడబడ్డాయి. తర్వాత వాటికి పాతదారి దొరికింది. దారి దొరికాక ఆవిడ మొహంలో పదేళ్లు రాలిపోయాయి.

రాగం ముగిసి తానం మొదలైంది. తానంలో మృదంగం ఉండదు, వీణే నడక చూపిస్తూ వెళ్తుంది. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. బయట కొబ్బరాకులు ఒక్కసారిగా గలగలమన్నాయి. మామ్మగారు ఆపలేదు, గట్టిగా మీటనూ లేదు. గొడౌను అంతా ముందుకి ఒంగింది. నిజంగానే ఒంగింది, వందలమంది మెడలు ఒక్కసారి ముందుకి సాగాయి.

బాబాయిగారి విసనకర్ర ఒళ్లోంచి లేచింది.

మాస్టారు చూసి మృదంగం మీంచి చెయ్యి తీసేశారు. మామ్మగారు కూడా చూశారు. నేను సగం లేచి నిలబడ్డాను. ఇంక అయిపోయిందనుకున్నాను.

విసనకర్ర పైకి వెళ్లలేదు. ఇటు వాలింది. అటు వాలింది. మళ్లీ ఇటు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. తానంలో విసరకూడదన్న నియమం ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఎలా తెలుస్తుంది, పాతికేళ్లలో మేం ఒక్కసారైనా పిలిస్తే కదా! ఆయన చెయ్యి మామ్మగారి తానం నడకనే పట్టుకుని ఊగుతోంది. ఆవిడ రెండేసి మీట్లుగా నడిస్తే విసనకర్ర రెండేసిగా, మూడేసిగా తిప్పితే విసనకర్ర కూడా మూడేసిగా. వినపడనివాడికి ఆ నడక ఎలా అందుతుంది?

మామ్మగారి పెదవుల మీద నవ్వు లేచింది. ఆవిడ కావాలనే నడక మార్చారు. ఆఖరి వరసలో విసనకర్ర ఒక్క క్షణం తడబడి, వెంటనే అందుకుంది. ఆవిడ మళ్లీ మార్చారు. మళ్లీ అందుకుంది. వెనక్కి తిరిగి చూసిన ఒకావిడ తన విసనకర్ర ఎత్తింది, పక్కావిడా ఎత్తింది. పాతికేళ్ల నియమం మా కళ్లముందే తుడుచుకుపోయింది. గొడౌను నిండా జరీ అంచులూ ఎర్రంచులూ తానానికి ఊగుతున్నాయి. ఒక్కటి కూడా చప్పుడు చెయ్యలేదు. మాస్టారు చూపు ఆఖరి వరసలోంచి లాక్కుని, పల్లవికోసం మృదంగం సర్దుకున్నారు.